జ్ఞానప్రకాశం అబద్ధాల మీద ఎంక్వయిరీ

మలికిపురం చుట్టుపక్కల ఊళ్ళలో గొప్పలు చెప్పుకునేవాళ్ళకి పోటీ పెడితే జ్ఞానప్రకాశం అందులో పాల్గొనడు. ఆ పోటీ పెట్టమని కలెక్టరుకి సలహా ఇచ్చింది తనేనని, కాబట్టి బహుమతులు పంచాల్సింది కూడా తనేనని చెప్పి వేదిక మీద కుర్చీ వేయించుకుంటాడు.

మనం మాత్రం తక్కువా? చేతిలో కొబ్బరికాయ పట్టుకుని, ఎదుటివాడు చూస్తుండగానే గుమ్మడికాయంత ఉందనేవాళ్ళం. మన కాలవలో పట్టిన చేప ఇంటికొచ్చేసరికి మూరెడు పెరుగుతుంది, పొయ్యెక్కేసరికి మరో జానెడు. అయినా ప్రకాశం ముందు మనమంతా పలక పట్టుకుని నిలబడాల్సిందే.

చదువు సంగతి తీసుకోండి. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు అడిగినదానికి జవాబు తెలియక గోడ దూకి పారిపోయాడని ఊరంతటికీ తెలుసు. అతను చెప్పేది వేరు. జవాబు తెలియనిది మాస్టారికట. తెలుసుకుందామని ఇతన్ని అడిగాడట. నలుగురి ముందూ చెబితే పెద్దాయన పరువు పోతుందని, గురుభక్తి కొద్దీ గోడ దూకాడట. ఆ గురుభక్తి ఎంత గట్టిదంటే, మళ్ళీ బడి ముఖం చూడలేదు.

వాళ్ళింట్లో అందరూ చదువుకున్నారు. తాత, తండ్రి రైతుల పొలాల్లో పాలేర్లుగా చేసి, పిల్లల్ని మాత్రం మిషను బడికి తోలారు. చెల్లెలు టీచరమ్మ అయింది. తమ్ముడు తపాలా ఆఫీసులో కుర్చీ సంపాదించాడు. గుడిలో ఆదివారం ఆరాధన అయ్యాక మగవాళ్ళు చెట్టు నీడన నిలబడి డీఏ గురించి, ట్రాన్స్‌ఫర్ల గురించి మాట్లాడుకుంటుంటే ప్రకాశం ఆ గుంపు అంచున చెప్పుల దుమ్ము దులుపుకుంటూ గడిపేవాడు. చెప్పుకోవడానికి ఎన్ని ఉన్నా, ఉద్యోగం అనేది ఒక్కటీ లేకపోయింది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు ఆ ముచ్చటా తీరింది. బుల్లిరాజు గారి తలనూనె కార్ఖానాలో పర్మినెంటు పని దొరికింది. ‘జడకుచ్చుల మార్కు’ తలనూనె అంటే ఆ రోజుల్లో రాజోలు నుంచి ఆలమూరు దాకా తెలియని ఇల్లాలు లేదు. దాని గొప్ప ఒక్కటే. కొబ్బరినూనె వానాకాలంలో కనరు వాసన వేస్తుంది కదా, ఈ నూనె వెయ్యదు. సీసా మూత తీసి అటక మీద మరిచిపోయినా, మళ్ళీ ఏడు తీస్తే మొదటి రోజు వాసనే.

పెద్ద పెద్ద కొప్పెరల్లో నూనె కాగుతుంటే తెడ్డుతో తిప్పడం ప్రకాశం పని. ఆ కొప్పెరలో దూడ పడితే ఈదుకుంటూ ఒడ్డెక్కాలి. ప్రకాశం చెప్పేటప్పుడు దూడ బదులు ఏనుగు పడుతుంది. నూనె కాగి, మంట తగ్గించాక బుల్లిరాజు గారు మందుగది తాళం తీసుకుని లోపలికి వెళ్ళేవారు. గుడ్డ కప్పిన గంపతో బయటికొచ్చి, అందర్నీ అవతలికి పొమ్మని, గంపలోది స్వయంగా కొప్పెరలో గుమ్మరించి మూత పెట్టేవారు. తెల్లారేసరికి అదంతా ఆయనే దేవి తీసేసేవారు. ఆ గంపలో ఏముందో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. మందుగదిలోకి ఆయన తప్ప ఎవరూ వెళ్ళరు. మన ప్రకాశం ఆ గది గుమ్మం కూడా తొక్కలేదు.

తొక్కలేదని అతను ఎవరికీ చెప్పలేదు, అంతే.

పనిలో చేరిన రోజు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. సంతకం అంటే ప్రకాశానికి మహా సరదా. పేరు చివర సున్నాకి తోక తగిలించి, ఆ తోకని వెనక్కి తిప్పి పేరు మొత్తానికి పందిరి వేస్తాడు. ఆ పందిరి వేసే హడావిడిలో పైన ఏం రాసుందో చదవలేదు. కార్ఖానాలో ఎవరెలా నడుచుకోవాలో రాసిన స్టాండింగ్ ఆర్డర్లనేవి ఆఫీసు గోడకి అద్దం కట్టి వేలాడుతుండేవి. వాటినీ చదవలేదు. ఆ అద్దంలో చూసుకుని మీసం దువ్వుకునేవాడు. తల దువ్వుకునే అవకాశం దేవుడు ఇవ్వలేదు. తలనూనె కార్ఖానాలో పనిచేసే మనిషికి బట్టతలేమిటని ఎవరైనా అడిగితే, “నా జుట్టు చూసి జనం మా నూనె కొనకుండా నన్నే ఎత్తుకుపోతన్నారండి. అయ్యగారే బతిమాలి గొరిగించేసేరు” అనేవాడు.

కార్ఖానా ఎదురుగా భూలక్ష్మి కాఫీ హోటలు. పని దిగాక అక్కడి బల్ల మీద కూర్చుంటే ప్రకాశం కార్ఖానాకి యజమాని అయిపోయేవాడు.

“గంపలో ఏం వేస్తారేటండీ?” అని ఎవడో ఒకడు అడుగుతాడు.

“చెప్పకూడదండి,” అంటాడు. ఆ మాట అన్నాక కాఫీ సగం తాగేదాకా ఆగి, చెప్పేవాడు.

పాపికొండల్లో పెద్దపులి పడుకున్నప్పుడు దాని మీసం మీద పడిన మంచు. అంతర్వేదిలో గోదారీ సముద్రమూ కలిసే గీత మీద ముంచిన బిందె నీళ్ళు. మొసలి కన్నీళ్ళు.

“మొసలి ఎందుకేడుస్తుందయ్యా?” అని భూలక్ష్మి నిలదీసింది.

“ఊరికే ఏడవదండి. నీరుల్లిపాయ దాని ముక్కు దగ్గర కొయ్యాలి. కోసేవాడు ఏడవకూడదు. అందుకే ఆ పని నాకిచ్చేరు.”

జనం నవ్వేవారు. ఎవరూ నమ్మేవారు కాదు. నమ్మకపోయినా ప్రతి సాయంత్రమూ అడిగేవారు. ఒక్కడు మాత్రం నవ్వకుండా వినేవాడు. అతను అంజిబాబు. రాజోల్లో నూనె మిల్లు, సొంత మార్కు తలనూనె. బుల్లిరాజు గారి నూనె ముందు అది ప్రతి వానాకాలమూ కనరు కంపు కొట్టి పరువు తీసేది. అంజిబాబు సైకిలు తొక్కుకుంటూ మలికిపురం వచ్చి, భూలక్ష్మి హోటల్లో మూలన కూర్చుని, ప్రకాశం చెప్పిందల్లా గుర్తుపెట్టుకుని వెళ్ళి వేసి చూసేవాడు. పులి మీసం దొరకలేదు గాని దొరికినవన్నీ వేశాడు.

రోజూ చెబుతుంటే ఎంత ప్రకాశానికైనా సరుకు అయిపోతుంది కదా. ఒక సాయంత్రం బుర్రలో ఏమీ తట్టలేదు. హోటలు పక్కన కిళ్ళీకొట్టువాడు తమలపాకుల తొడిమలు గిల్లి కింద పారేస్తున్నాడు. ప్రకాశం చూపు అక్కడ పడింది.

“తమలపాకు తొడిమలండి,” అన్నాడు. “కిళ్ళీకొట్ల ముందు ఊడ్చి పారేస్తారే, అవే. గంపలో ఉండేది అదే.”

ఎవరూ నవ్వలేదు. అతను చెప్పినవాటిల్లో ఇంత నీరసమైనది ఇంకోటి లేదని తేల్చి లేచిపోయారు. భూలక్ష్మి కూడా గ్లాసు తీసుకుపోతూ, “వంట్లో బాలేదేటయ్యా?” అని అడిగింది.

ఆ మరుసటి వానాకాలం అంజిబాబు నూనె కనరెక్కలేదు.

హోటల్లో మాటలు బుల్లిరాజు గారి చెవిన పడి, ప్రకాశానికి చార్జిషీటు వచ్చింది. కంపెనీ రహస్యాన్ని బయటివాళ్ళకి చెప్పినందుకు నిన్ను పనిలోంచి ఎందుకు తీసెయ్యకూడదో సంజాయిషీ ఇచ్చుకోమని, ఎంక్వయిరీ అయ్యేదాకా సస్పెన్షన్ అని. అది చేతికిచ్చినప్పుడు మొదట అతనికి కలిగింది భయం కాదు, ఆశ్చర్యం. తన మాటలు నమ్మినవాడు ప్రపంచంలో ఒకడున్నాడన్నమాట!

భయం ఇంటికెళ్ళాక వచ్చింది. తమ్ముడు ఆదివారం గుడి దగ్గర, “అన్నయ్య లీవులో ఉన్నాడు” అని నలుగురికీ చెప్పడం విన్నాడు. ఆ ఇంట్లో అబద్ధాలాడే హక్కు తనొక్కడిదే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. తన కోసం తమ్ముడు కూడా అబద్ధమాడాల్సి వచ్చింది. ఉద్యోగం పోతే మళ్ళీ చెట్టు నీడ అంచుకే పోవాలి, దుమ్ము దులుపుకోవాలి.

మేనత్త కొడుకు సీమోను అదే కార్ఖానాలో డబ్బాలకి సీలు వేస్తాడు, యూనియన్ సెక్రటరీ కూడాను. అతను వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“చూడు బావా,” అన్నాడు. “లేబర్ చట్టం గురించి నీకు అర్థమయ్యేలా చెప్తాను, మధ్యలో గొప్పలు కొయ్యకు. పనిచేసేవాడు యజమాని రహస్యం బయట పెట్టకూడదు. అది నిజమే. పని మానేసినా పెట్టకూడదు. కాని నేరం అనాలంటే అది నిజంగా రహస్యమై ఉండాలి. పనిలో నీకు తెలిసి ఉండాలి. తెలిసి, నువ్వు బయటివాడికి చెప్పుండాలి. నీకు తెలుసా?”

“ఏది?”

“రహస్యం.”

ప్రకాశం తలుపు వైపు చూశాడు. భార్య సువార్తమ్మ లోపల బియ్యం చెరుగుతోంది. గొంతు తగ్గించి, “తెలీదు” అన్నాడు.

“గట్టిగా.”

“తెలీదోయ్!”

“అదే. తెలియనిది చెప్తే నేరం కాదు బావా, తెలిసింది చెప్తేనే నేరం. ఎంక్వయిరీలో ఆ ముక్క నోరారా అనాలి. నాకేం తెలీదు, చెప్పినవన్నీ అబద్ధాలు. అంతే. ఉద్యోగం నీదే.”

“అందరి ముందూనా?”

“కిటికీల దగ్గర జనం ఉంటారు మరి.”

ప్రకాశం అంతకన్నా ఉరిశిక్షే నయమనుకున్నాడు. సీమోను మాట మీద కాకుండా తన తెలివి మీద నమ్మకంతో, మర్నాడు పొద్దున్నే బుల్లిరాజు గారి ఇంటికి వెళ్ళాడు. ఆయన వీధి వసారాలో పడకకుర్చీలో ఉన్నారు. ఇతన్ని చూడగానే ముఖం గంటు పెట్టుకున్నారు.

“అయ్యగారండీ, నేనేం చెప్పేనని ఈ ఎంక్వయిరీ అండీ? పులి మీసవాండీ? మొసలి కన్నీళ్ళాండీ?”

“పులీ లేదు మొసలీ లేదు!” ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. “ఆ తమలపాకు తొడిమల సంగతి నీకెవడు చెప్పేడ్రా? పెళ్ళయినప్పట్నించీ మా ఆవిడక్కూడా తెలీదు కదరా అది!”

అని, ఆగిపోయారు.

బుల్లిరాజు గారు నెమ్మదిగా మళ్ళీ కుర్చీలో కూర్చుని, పై కండువాతో ముఖం తుడుచుకున్నారు. ఇద్దరూ చాలాసేపు వీధిలో పోతున్న ఎడ్లబండిని చూశారు. రహస్యం బయటపెట్టావని తిట్టబోయి, ఆ రహస్యాన్ని ఆయనే బయటపెట్టారు.

“నీకు తెలీదా?” అన్నారాయన చివరికి.

“ఆయ్. తెలీదండి. ఇప్పుడే తెలిసిందండి.”

“పో,” అన్నారు. ఆ గొంతులో కోపం లేదు.

కాలవ గట్టు మీద నడుస్తూ వస్తుంటే ప్రకాశం కాళ్ళు భూమికి ఆనలేదు. జన్మంతా అబద్ధాలు చెప్పి చెప్పి, బుర్ర ఖాళీగా ఉన్న ఒక్క సాయంత్రం, కిళ్ళీకొట్టువాడి చేతులు చూసి ఊరికే అన్న మాట నిజమైంది! పెద్ద పెద్ద వైద్యులు కూడా కనిపెట్టలేనిది తను కనిపెట్టాడు. కనిపెట్టినట్టు తనకే తెలియదు, అదొక్కటే లోపం. ఇంతలో సీమోను మాట గుర్తొచ్చి కాళ్ళు ఆగాయి. తెలిసింది చెప్తేనే నేరం. అంటే, ఆనాడు భూలక్ష్మి హోటల్లో అన్నప్పుడు నేరం కాని మాట, అదే మాట, ఇవాళ అంటే నేరం. చెప్పినప్పుడు తెలియదు. తెలిసినప్పుడు చెప్పకూడదు. ఇలాంటి ఇరకాటం తన కట్టుకథల్లో కూడా ఎవడికీ రాలేదు.

ఎంక్వయిరీ ముందురోజు మధ్యాహ్నం అంజిబాబు ఇంటికే వచ్చాడు. చేతిలో అరటిపళ్ళ అత్తం.

“ప్రకాశంగారూ, మిమ్మల్ని ఆ తెడ్డు దగ్గర నిలబెట్టడం నాకేం బాలేదండి. మా మిల్లులో మేస్త్రీగా వచ్చెయ్యండి. కుర్చీ వేయిస్తాను. నెత్తి మీద ఫ్యానండి.”

“ఫ్యానాండీ?”

“తిరిగే ఫ్యానండి. మీరు చెప్పినవాటిల్లో అసలుది ఏదో ఒక్క మాట అంటే చాలు.”

ప్రకాశం తన బట్టతల మీద చల్లగాలి తిరగడం ఊహించుకున్నాడు. నాలుక చివరికి వచ్చిన మాటని అరటిపండుతో కలిపి మింగాడు. “ఎంక్వయిరీ అవనివ్వండి, చూద్దాం,” అన్నాడు. తలుపు వెనక సువార్తమ్మ గాజులు చప్పుడయ్యాయి.

ఎంక్వయిరీ చెయ్యడానికి అమలాపురం నుంచి వకీలు సత్యనారాయణమూర్తి గారు వచ్చారు. బోడసకుర్రు దగ్గర పంటు ఎక్కి గోదారి దాటి, జట్కా మీద దిగారు. సన్నటి మనిషి, కళ్ళజోడు మీదుగా చూస్తారు. దిగగానే, “సాయంత్రం పంటు అందుకోవాలి, తెమల్చండి” అన్నారు. కార్ఖానా ఆఫీసులో బల్ల వేశారు. ఒక పక్క బుల్లిరాజు గారు. ఒక పక్క ప్రకాశం, అతని తరఫున సీమోను. కంపెనీ సాక్షిగా అంజిబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అతను చెప్పడానికి వచ్చినవాడు కాదు, వినడానికి వచ్చినవాడు. కిటికీ ఊచలకి పనివాళ్ళు వేలాడుతున్నారు. భూలక్ష్మి హోటలుకి తాళం వేసి మరీ వచ్చింది.

వకీలుగారు చార్జి చదివి, బుల్లిరాజు గారి వైపు తిరిగారు.

“మీ రహస్యం బయటపెట్టాడంటున్నారు. ఏమిటండీ ఆ రహస్యం?”

“చెప్పకూడదండి.”

“నాకు చెప్పకపోతే, ఇతను చెప్పింది అదో కాదో నేనెలా తేల్చను?”

“ఇతను చెప్పిందేనండి అది.”

“ఇతను చెప్పినవాటిల్లో ఏది?”

బుల్లిరాజు గారు అంజిబాబుని చూశారు. అంజిబాబు చెవి ముందుకొచ్చింది. కిటికీలో ఉన్న తలలన్నీ ముందుకొచ్చాయి. “అది కూడా చెప్పకూడదండి,” అన్నారాయన, తల దించుకుని. తెరిచిన ఎంక్వయిరీ మూసెయ్యలేక, మూసేస్తే ఏదో ఉందని అంజిబాబు పసిగడతాడేమోనని, ఆయన ఎన్ని రాత్రుళ్ళుగా నిద్ర మానేశారో ఆ కళ్ళు చెబుతున్నాయి.

తర్వాత అంజిబాబుని పిలిచారు.

“ఈయన చెప్పినవన్నీ వేశానండి. అంతర్వేది సంగమం నీళ్ళు పొయ్యగానే కాగే నూనె పేలిందండి, మా మేస్త్రీ ఇప్పటికీ ఆ పొయ్యి దగ్గరికి రాడు. నీరుల్లి రసం వేస్తే, రాసుకున్నోళ్ళ ఇంటికి పకోడీలు వేస్తున్నారా అని చుట్టాలొచ్చేరండి. చివరికి విసుగొచ్చి మిగిలినవన్నీ ఒకే కొప్పెరలో పడేసేనండి. మొగలిపువ్వు, కర్పూరం, తమలపాకు తొడిమలు, పనసగింజలు, వేపబెరడు, ఇంకా ఏవేవో. ఆ నూనె కనరెక్కలేదండి.”

తొడిమల మాట వినపడగానే బుల్లిరాజు గారికి పొలమారింది. ప్రకాశం గబుక్కున తనూ దగ్గాడు, తోడుగా.

“ఇంకేం, అవన్నీ వేసుకుంటూ పోవచ్చు కదా?” అన్నారు వకీలుగారు.

“కనరెక్కలేదు గాని, అది రాసుకున్న ఆడోళ్ళ వెనకాల మేకలు పడతన్నాయండి. ఏదో ఒక్కటే వెయ్యాలి. ఏదో తెలీదు. విడివిడిగా వేసి చూద్దామంటే ఒక్కోదానికీ ఒక్కో వానాకాలం ఆగాలి. అన్నీ తేలేసరికి నాకే జుట్టుండదండి.”

సీమోను లేచాడు. ఉద్యోగి మందుగదిలోకి ఎన్నడూ వెళ్ళలేదని, అతను చెప్పినవన్నీ కల్పనలని, అతను స్వభావరీత్యా నిజం చెప్పే మనిషి కాదని, దానికి సాక్ష్యం ఉందని చెప్పి, సువార్తమ్మని పిలిచాడు. ఆ ఎత్తు ప్రకాశానికి ముందు చెప్పలేదు. అతను కుర్చీలో సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

“అమ్మా, మీ ఆయన నిజం చెప్పే మనిషేనా?”

“దేవుడి ఎదట చెప్పమంటారాండీ?”

“చెప్పండి.”

“పెళ్ళిచూపులప్పుడు పది పాసయ్యేనన్నారండి. పెళ్ళయ్యేక తొమ్మిదన్నారు. మా పెద్దది పుట్టేక ఎనిమిదన్నారు. ఇంకో పిల్ల పుడితే అసలు బడికే ఎళ్ళలేదంటారేమోనని భయమేసి ఆపరేషన్ చేయించేసుకున్నానండి.”

కిటికీలు ఊగాయి. వకీలుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“గోదారి వరదల్లో మొసలి మీద కూచుని రేవు దాటేనని చెప్తారండి. ఈయనకి ఈతే రాదండి. చెంబుతో నీళ్ళు పోసుకున్నా కళ్ళు మూసుకుంటారు.”

“ఈత రాదు కాబట్టే మొసలి ఎక్కేనండీ!” అని ప్రకాశం అరిచాడు, ఆగలేక. సీమోను కాలు తొక్కాడు.

“చాలమ్మా,” అన్నారు వకీలుగారు. “జ్ఞానప్రకాశంగారూ, నిలబడండి. అంజిబాబుగారు ఇన్ని చెప్పారు. ఇందులో నిజం ఏదైనా ఉందా? ఉంటే ఏది?”

కొప్పెరల కింద మండే కొబ్బరి డొక్కలు చిటపటలాడటం వినిపించింది.

ప్రకాశం నోరు తెరిచాడు. ఇటు కుర్చీ, ఫ్యాను. అటు తెడ్డు. అవి రెండూ కాక మూడోది ఇంకోటి గొంతులో పొంగుతోంది. అదేమంటే, చెప్పి చూపించాలి! ఇంతమంది తనని ఒట్టి కోతలరాయుడనుకుంటున్నారు, కట్టుకున్నదే దేవుడి ఎదట అనేసింది. ఒక్క మాట. ఆ మాటతో ఈ కిటికీల్లోని నోళ్ళన్నీ మూతపడతాయి.

బుల్లిరాజు గారిని చూశాడు. ఆయన ఇన్నేళ్ళలో ఇతన్ని పనివాణ్ణి చూసినట్టు చూశారు గాని మనిషిని చూసినట్టు చూడలేదు. ఇప్పుడు చూస్తున్నారు.

అప్పుడు ప్రకాశానికి తట్టింది. అది మంచితనమని ఎవరూ అనుకోకండి, అతనికి అంత అలవాటు లేదు. పుట్టి బుద్ధెరిగాక తన దగ్గరున్న నిజమైన సరుకు ఇదొక్కటే. మిగతావన్నీ గాలి. ఇది చెప్పేస్తే అంజిబాబుదవుతుంది, కిటికీలో వాళ్ళదవుతుంది, రేపు భూలక్ష్మి గ్లాసులు కడుగుతూ చెబుతుంది. తన దగ్గర మళ్ళీ గాలే మిగులుతుంది. చెప్పనంతసేపే అది తనది.

“లేదండి,” అన్నాడు. “ఒక్కటీ నిజం కాదండి. నాకేం తెలీదండి. మందుగది గుమ్మం నేను తొక్కలేదండి. తెడ్డు తిప్పేవాణ్ణండి.”

కిటికీలో ఎవరో నిట్టూర్చారు.

“మరి నా నూనె ఎందుకు కనరెక్కలేదండీ?” అంజిబాబు లేచి నిలబడ్డాడు. “అది చెప్పండి!”

సీమోను మళ్ళీ ప్రకాశం కాలు మీద కాలు వేశాడు. ఇలాంటి ప్రశ్న వేస్తే ప్రకాశం ఊరుకునే రకం కాదు.

“ఈ ఏడు వానలు తక్కువ కదండీ,” అన్నాడు ప్రకాశం.

“ఇదేటయ్యా,” అంది భూలక్ష్మి ఊచల్లోంచి, బాధగా. “ఇంత చప్పగా చెప్పేవేటి?”

వకీలుగారు పంటు వేళ చూసుకుని తేల్చేశారు. రహస్యం ఏదో కంపెనీ చెప్పలేకపోయింది. తెలుసని ఉద్యోగి ఒప్పుకోలేదు. ఏది పనిచేసిందో సాక్షికే తెలియదు. చార్జి రుజువు కాలేదు. “తెలియని సంగతులు తెలిసినట్టు చెప్పినందుకు ఉద్యోగాలు తీసేస్తే,” అని కాగితాలు సర్దుకుంటూ అన్నారు, “ఈ తాలూకాలో ఒక్కడికీ ఉద్యోగం మిగలదు. ప్రకాశంగారూ, ఇక మీదట కంపెనీ ఊసు హోటల్లో ఎత్తకండి, నిజమైనా సరే, అబద్ధమైనా సరే. వెళ్ళండి.”

అంజిబాబు సైకిలెక్కుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ప్రకాశం నమస్కారం పెట్టాడు. జనం చుట్టూ మూగి, “మొసలి ఎలా ఉందండీ, కులాసాయేనా?” అని ఏడిపించారు. అతనూ వాళ్ళకన్నా గట్టిగా నవ్వాడు. నవ్వుతుంటే మెడ నరాలు నొప్పి పుట్టాయి.

బుల్లిరాజు గారు గేటు దగ్గర ఆగారు. కండువా ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నారు.

“రేపు పొద్దున్నే వచ్చెయ్యరా ప్రకాశం. నువ్వు లేక అడుగంటుతోంది,” అన్నారు.

“ఆయ్,” అన్నాడు ప్రకాశం.

సువార్తమ్మా అతనూ కాలవ గట్టు పట్టుకుని ఇంటికి నడిచారు.

“నా మీద కోపమొచ్చిందా?” అని అడిగింది.

“ఆపరేషన్ సంగతి చెప్పకపోతే బాగుణ్ణు.”

“దేవుడి ఎదట చెప్పమన్నారు కదండి.” కొంచెం దూరం నడిచాక మళ్ళీ అంది, “ఆ వకీలుగారు నిజం ఏదని అడిగినప్పుడు మీరు ఆగేరు. ఎందుకాగేరు? అబద్ధం చెప్పడానికి మీరెప్పుడూ ఆగరు.”

ప్రకాశం నడక ఆపేశాడు. గట్టు మీద ఎవరూ లేరు. ఊళ్ళో అందరి ముందూ చెప్పకపోతే పోయె, ఈ ఒక్క మనిషికీ చెబితే చాలు, ఆ సాక్ష్యానికి బదులు తీరిపోతుంది.

“సువార్తా, అదేటంటే...”

ఆమె అతని నోటి మీద చెయ్యి పెట్టింది.

“వద్దండి. రేపెవరైనా మళ్ళీ పిలిచి దేవుడి ఎదట చెప్పమంటే నేను చెప్పేస్తాను. నాకు దాచడం చేతకాదు.”

చెయ్యి తీసేసింది. ప్రకాశం నోరు మూసుకునే ఉంది. ఇద్దరూ మళ్ళీ నడిచారు. చెప్పని మాట బరువెంతో అతనికి ఆ గట్టు మీద తెలిసింది. తాటిదూలం మోస్తున్నవాడిలా ఒక పక్కకి ఒరిగి నడుస్తున్నాడు. మలుపు దాటేసరికి ఇక తన వల్ల కాలేదు.

“సరే గాని,” అన్నాడు, “వకీలుగారు జట్కా ఎక్కుతూ నన్ను పక్కకి పిలిచి ఏమన్నారో తెలుసా? ‘ప్రకాశంగారూ, మీరు గనక ప్లీడరీ చదివుంటే నేను అమలాపురంలో బోర్డు తిప్పేసేవాణ్ణండి’ అన్నారు. కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకున్నారనుకో.”

సువార్తమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని బురద దాటింది.

“ఆయ్,” అంది. “తర్వాతేమన్నారు?”